తల్లి క్షేమమే బిడ్డ మనసుకు పునాది

(కాణిపాకంలో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో చదువును గురించి మాట్లాడే పని నాకు అప్పగిస్తారు. ఉర్దూ మీడియం బడిపంతుల్ని గనుక అది న్యాయమే. పిల్లల్ని బడికి పంపండి, మధ్యలో మాన్పించకండి అని నేను చెప్పడం, మీరు తలలూపడం, ఆ మీదట బిర్యానీ తిని అందరం ఇళ్ళకు పోవడం ఆనవాయితీ అయిపోయింది. ఈసారి కార్యదర్శి గారిని అడిగి వేరే విషయం తీసుకున్నాను. వేరే అని పేరుకు అంటున్నాను గాని ఇదీ చదువు సంగతే. పిల్లవాడు మా బడికి వచ్చేది ఐదో యేట. వాడి మనసు చదువు మొదలుపెట్టేది మాత్రం పుట్టిన రోజునే. ఆ మొదటి బడికి పంతులమ్మ తల్లి. ఆ పంతులమ్మ ఎట్లా ఉందో, తిన్నదో లేదో, నిద్రపోయిందో లేదో, ఆమె మనసులో ఏముందో విచారించినవాళ్ళు మనలో ఎంతమంది?

కాన్పు జరిగిన ఇంటికి మనమంతా పోతాం. పోయి ఏం చేస్తాం? బిడ్డను చేతుల్లోకి తీసుకుంటాం. ముక్కు ఎవరి పోలిక, రంగు ఎవరి పోలిక అని చూస్తాం. ఎంత తూకం ఉందని అడుగుతాం. చేతిలో డబ్బులు పెట్టి దువా చేసి లేచి వస్తాం. ఆ మంచం మీదనే, ఆ బిడ్డ పక్కనే ఒక మనిషి పడుకొని ఉంటుంది. ఆమెను మాత్రం అడగం. అడిగినా పాలు పడుతున్నాయా అని అడుగుతాం. అదీ బిడ్డ కోసమే.

మన ఉర్దూలో జచ్చా బచ్చా అని జంటమాట ఉంది. జచ్చా అంటే బాలింత, బచ్చా అంటే బిడ్డ. మాటలో ముందు వచ్చేది జచ్చా. తల్లి బాగుంటేనే బిడ్డ బాగుంటుంది. ఈ చిన్న సంగతిని నేను పుస్తకాలలో తర్వాత చదువుకున్నాను. ముందు నా ఇంట్లోనే దెబ్బ తిని నేర్చుకున్నాను. ఆ కథ కాసేపట్లో చెబుతాను. ముందుగా వైద్యులు ఏమంటున్నారో మనవి చేస్తాను.

కాన్పయిన మూడో నాలుగో రోజు నుంచి చాలామంది తల్లులకు కారణం లేకుండానే కన్నీళ్ళు వస్తాయి. చిన్న మాటకే ఉలిక్కిపడతారు, చిరాకు పడతారు. సగం మందికి పైగా ఇట్లా ఉంటుంది. ఒంట్లో మార్పుల వల్ల, నిద్ర లేకపోవడం వల్ల కలిగేది ఇది. రెండు వారాల లోపల దానంతట అదే తగ్గుతుంది. దీనికి కావలసినది విశ్రాంతి, వేళకు తిండి, ఒక మంచి మాట.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే అది వేరే సంగతి. బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర రాదు. అన్నం సయించదు. ఏ పనిమీదా మనసు నిలవదు. నేను పనికిరాని తల్లిని, ఈ బిడ్డకు నేను తగను అనుకుంటుంది. బిడ్డ ఏడ్చినా లేవాలనిపించదు, లేదా బిడ్డకేమైనా అవుతుందేమోనని క్షణక్షణం భయపడుతుంది. దీన్ని కాన్పు తర్వాతి కుంగుబాటు అంటారు. ఇది జబ్బు. పొగరు కాదు, సోమరితనం కాదు, ఈమాన్ తక్కువ కావడమూ కాదు.

మూడోది అరుదైనది. వెయ్యి కాన్పులలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. మనిషి మతి తప్పినట్లు మాట్లాడుతుంది. లేని మాటలు వినబడతాయి. బిడ్డను గురించి వింత అనుమానాలు కలుగుతాయి. ఇట్లాంటప్పుడు గాలి సోకిందని ఊళ్ళ వెంట తిప్పుతూ కాలం గడపకూడదు. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా విడవకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇది పట్నాల్లో తీరిక ఉన్నవాళ్ళకు వచ్చే జబ్బని కొందరంటారు. అది నిజం కాదు. మన చిత్తూరు నుంచి బస్సెక్కితే వేలూరు ఎంత దూరం? ఆ వేలూరుకు అవతల కణియంబాడి అనే ప్రాంతముంది. అక్కడి పల్లెల్లో వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాల వారు నెలలు నిండిన గర్భిణీలను కలిసి విచారించి, కాన్పయిన తర్వాత 6 నుంచి 12 వారాల మధ్య మళ్ళీ కలిసి, ఫలితాలను 2002లో ప్రకటించారు. నూటికి 11 మందికి కాన్పు తర్వాత కొత్తగా కుంగుబాటు వచ్చింది. దేశమంతటా జరిగిన అనేక పరిశీలనలను కలిపి లెక్కగట్టి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వేసినప్పుడు ఆ లెక్క నూటికి 22గా తేలింది. అంటే ఐదు ఇళ్ళల్లో ఒక ఇంట్లో ఉన్నట్టే.

కణియంబాడిలో ఆ డాక్టర్లు ఇంకొకటి కూడా చూశారు. ఎవరికి ఎక్కువగా వస్తున్నది? ఆదాయం తక్కువైన ఇళ్ళల్లో. మగబిడ్డ కావాలనుకున్న చోట ఆడబిడ్డ పుట్టినప్పుడు. అత్తతోనో కన్నవాళ్ళతోనో పొసగనప్పుడు. గర్భంతో ఉండగా ఇంట్లో ఏదైనా కష్టం జరిగినప్పుడు. కాన్పు తర్వాత ఇంటిపనికి చేతిసాయం లేనప్పుడు. ఈ ఐదింటిని జాగ్రత్తగా వినండి. ఇందులో డాక్టరు చేతిలో ఉన్నది ఏది? ఒక్కటీ లేదు. ఐదూ ఇంటి సంగతులే, మన సంగతులే.

ఇక నా ఇంటి కథ. దీన్ని సభలో చెప్పవచ్చునా అని నా భార్యను అడిగాను. "చెప్పండి, కానీ నా జబ్బొక్కటే చెప్పి ఊరుకోకండి, మీ తప్పు కూడా చెప్పండి" అన్నది. కాబట్టి రెండూ చెబుతున్నాను.

మాకు మొదట ఆడపిల్ల. ఆ బిడ్డ పుట్టినప్పుడు నేను వీధంతా మిఠాయి పంచాను. నాలుగేళ్ళకు రెండో కాన్పు. మళ్ళీ ఆడపిల్ల. కబురు తెలిసినప్పుడు నేను పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. దిద్దుతూనే ఉన్నాను. మా అమ్మీ "ఫిర్ బేటీ" అని ఒక్క మాట అని ఊరుకున్నది. నేను ఆ మాట కూడా అనలేదు. ఏమీ అనకుండా ఉండటం మంచితనమని అప్పట్లో అనుకున్నాను. మిఠాయి మాత్రం పంచలేదు. ఎవరూ నన్ను అడగలేదు. మంచం మీద ఉన్న మనిషి మాత్రం గమనించింది.

చిల్లా నలభై రోజులూ మా ఇంట్లో ఏ లోటూ జరగలేదు. వాము, శొంఠి, కాయం, వేడినీళ్ళు, సాంబ్రాణి పొగ, అన్నీ సక్రమంగానే జరిగినాయి. మనిషి మాత్రం రోజురోజుకు చిక్కిపోయింది. బిడ్డకు పాలిచ్చేటప్పుడు ముఖం గోడ వైపు తిప్పుకునేది. రాత్రి బిడ్డ నిద్రపోయినా ఆమె దూలాల వంక చూస్తూ పడుకునేది. "నాకేమీ బాగలేదు" అని ఒకసారి అన్నది. "జ్వరం లేదు కదా, ఏమవుతుంది, గమ్మున పడుకో" అన్నాను. మా అమ్మీ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఆమెకు తెలిసిన ప్రేమ అది. నలభై ఒకటో రోజున స్నానం చేయించి, ఇక చిల్లా తీరిపోయిందని పొయ్యి అప్పగించాము.

రెండున్నర నెలల టీకా వేయించడానికి పోయినప్పుడు అక్కడి నర్సమ్మ బిడ్డకు సూది వేసి, కార్డు రాసి, తల ఎత్తి మా ఇంటామెను చూసి ఒక ప్రశ్న అడిగింది. "ఏమ్మా, బిడ్డ బాగుంది. నువ్వెట్లున్నావు?"

నా భార్య ఆ బెంచీ మీద కూర్చొని అరగంట ఏడ్చింది. "ఈ డెబ్బై రోజుల్లో ఈ మాట అడిగింది నువ్వేనక్కా" అన్నది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నలభై మంది పిల్లల ముఖాలు చూసి ఎవడు పాఠం వింటున్నాడో, ఎవడు వినడం లేదో చెప్పగలనని గర్వపడే మనిషిని. నా ఇంట్లో ముఖాన్ని చదవలేకపోయినాను.

మనం ఈ వేళ కూర్చున్న ఈ ఊరి కథ మీకందరికీ తెలుసు. చూపు లేనివాడొకడు, వినికిడి లేనివాడొకడు, మాట లేనివాడొకడు, ముగ్గురు అన్నదమ్ములు ఒకే పొలం చేసుకొని బతికేవారని, బావి ఎండితే లోతు చేయబోయారని, అక్కడ స్వామి వెలిశాడని, వారి లోపాలు తీరిపోయాయని మన హిందూ సోదరులు భక్తితో చెప్పుకుంటారు. చిన్నప్పటి నుంచి వింటున్న కథే గాని, ఆ రోజు ఆసుపత్రి నుంచి వస్తూ నాకు అది వేరేగా తోచింది. ఆ అన్నదమ్ములు లోపాలుండి కూడా ఒకరికొకరు తోడై ఒకే బావిలో నీళ్ళు తోడుకున్నారు. మా ఇంట్లో అందరికీ కళ్ళున్నాయి, చెవులున్నాయి, నోళ్ళున్నాయి. అయినా నేను చూడలేదు, మా అమ్మీ వినలేదు, నా భార్య చెప్పలేదు. వాళ్ళది పుట్టుకతో వచ్చినది. మాది మేము తెచ్చిపెట్టుకున్నది.

డాక్టరు రక్తపరీక్ష చేయించారు. రక్తం తక్కువగా ఉంది. థైరాయిడ్ కూడా చూశారు, ఎందుకంటే కాన్పు తర్వాత ఆ గ్రంథి తేడా చేసినా మనిషి ఇట్లాగే నీరసపడిపోతుంది. కొన్ని నెలలు మాత్రలు ఇచ్చారు. పాలిచ్చే తల్లికి పనికివచ్చే మందులున్నాయని, సొంతంగా మధ్యలో ఆపవద్దని చెప్పారు. మాత్రలతో పాటు నాకు కూడా ఒక చీటీ రాసినట్లే చెప్పారు. రాత్రి ఒక పూట బిడ్డను నువ్వు చూడు, ఆమెను వరుసగా ఐదు గంటలు నిద్రపోనియ్యి అన్నారు. మా అమ్మీకి కూడా చెప్పారు. ఆమె ఏమీ అనలేదు. మరునాడు తెల్లవారి లేచి పొయ్యి దగ్గరికి తానే పోయింది. కోడలితో "నువ్వు బిడ్డ దగ్గర కూర్చో బేటీ" అన్నది. నా ఎరుకలో మా అమ్మీ కోడల్ని బేటీ అని పిలవడం అదే మొదలు. అంతకు ముందు ఆ మాటను పుట్టిన బిడ్డ మీద విసిరింది. ఇప్పుడు అదే మాటను తెచ్చి కోడలికి ఇచ్చింది.

ఐదో నెల దాటిన తర్వాత ఒక సాయంత్రం ఇంట్లో నవ్వు వినబడింది. బిడ్డ నవ్వుతున్నదా తల్లి నవ్వుతున్నదా అని తెలియలేదు. ఇద్దరూ నవ్వుతున్నారు.

ఇక బిడ్డ సంగతికి వస్తాను. పుట్టిన బిడ్డకు చూపు సరిగా ఆనేది జానెడు, జానెడున్నర దూరమే. పాలు తాగే బిడ్డకు తల్లి ముఖం ఉండేది కూడా ఆ దూరంలోనే. సృష్టికర్త ఆ కొలత అట్లా పెట్టాడు. గర్భంలోనే విన్న గొంతు గనుక తల్లి గొంతును పుట్టగానే గుర్తుపడుతుంది. నెలన్నర రెండు నెలలకు ముఖం చూసి నవ్వుతుంది. మనం నవ్వితే నవ్వుతుంది, ఊ కొడితే ఊ కొడుతుంది. ఇది ఆట మాత్రమే కాదు. నేను పిలిస్తే పలికేవాళ్ళున్నారు, ఏడిస్తే ఎత్తుకునేవాళ్ళున్నారు అనే నమ్మకం ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో కుదురుతుంది. బిడ్డ నేర్చుకునే మొదటి పాఠం ఇదే. ఈ పాఠం కుదిరినవాడు రేపు బడిలో పడ్డా లేస్తాడు, తెలియనిది అడుగుతాడు.

అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే శాస్త్రజ్ఞుడు 1970లలో ఒక చిన్న ప్రయోగం చేశాడు. బిడ్డతో ఆడుకుంటున్న తల్లిని, రెండు మూడు నిమిషాలు ఏ భావమూ లేకుండా ముఖం రాయిలాగా పెట్టుకొమ్మన్నాడు. బిడ్డ ముందు నవ్వి చూసింది. చేతులు చాచింది. కేకలు వేసింది. ఏమీ ఫలితం లేకపోయేసరికి ముఖం పక్కకు తిప్పుకొని ముడుచుకుపోయింది. తల్లి మళ్ళీ మామూలుగా నవ్వగానే కాస్త సేపటికి బిడ్డా తేరుకుంది. రెండు నిమిషాలకే అట్లా అయితే, కుంగుబాటులో ఉన్న తల్లి ముఖం నెలల తరబడి అట్లాగే ఉంటే ఆ బిడ్డ సంగతి ఏమిటి? ఆ తల్లి కావాలని అట్లా పెట్టుకోలేదని మరచిపోకండి. జ్వరం వచ్చినవాడి ఒళ్ళు కాలినట్లే అదీను.

ఇట్లా చాలాకాలం సాగితే ఆ బిడ్డలలో కొందరు ఆలస్యంగా మాట్లాడతారు. కొందరు ఊరికే భయపడతారు, కొందరు ఊరికే కొట్లాడతారు. పెద్దయిన తర్వాత వాళ్ళకు కూడా దిగులు జబ్బు వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువని అనేక దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. నా తరగతిలోనే ఒక పిల్లవాడు ఉండేవాడు. నోటుబుక్కు ఎవరు లాక్కున్నా తిరిగి అడిగేవాడు కాదు. అడిగితే ఇస్తారని వాడికి నమ్మకం లేదు. మందబుద్ధి అని నేను రాసిపెట్టబోయాను. మా ఇంటి అనుభవం లేకపోతే రాసేవాణ్ణే. అయితే గమ్మునుండే ప్రతి పిల్లవాడి వెనుకా తల్లి జబ్బే ఉంటుందని అనుకోవద్దు. కారణాలు వేరే కూడా ఉంటాయి. తల్లి మీద నేరం మోపడానికి ఈ చదువును వాడుకుంటే మనం చదవకపోవడమే మేలు.

ఇందులో ఒక శుభవార్త కూడా ఉంది. ఇది నుదుటి రాత కాదు. తల్లులకు వైద్యం జరిగి మూడు నెలల్లో నయమైన ఇళ్ళల్లో పిల్లల మానసిక ఇబ్బందులు కూడా తగ్గుముఖం పట్టాయని అమెరికాలో 2006లో ఒక పరిశోధన తేల్చింది. పిల్లలకు ప్రత్యేకంగా మందు ఇచ్చి కాదు, తల్లిని బాగుచేసినందువల్ల. మా చిన్నమ్మాయి మూడేళ్ళ దాకా తల్లి కొంగు విడిచేది కాదు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. నాకే ఎదురు సమాధానం చెబుతుంది. నాకు కోపం రావాలి గాని, సంతోషం వస్తుంది.

బిడ్డకు తల్లి తప్ప దిక్కు లేదని కూడా అనుకోవద్దు. జాన్ బౌల్బీ అనే ఇంగ్లీషు డాక్టరు ఇల్లూ వాకిలీ పోయిన పిల్లలను గురించి 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక రాశాడు. బిడ్డకు తల్లితోగాని, తల్లి స్థానంలో నిలకడగా ఉండే మనిషితోగాని ఆప్యాయమైన అనుబంధం కావాలని, అందులో ఇద్దరికీ సంతోషం ఉండాలని ఆయన చెప్పాడు. ఇద్దరికీ అన్న మాట గమనించండి. పిల్లలు విలువైనవారని అనుకునే సమాజం ముందు వాళ్ళ తల్లిదండ్రులను ఆదరించాలని కూడా ఆయనే రాశాడు. మన కడప, రాయచోటి వైపు ఎన్నో ఇళ్ళల్లో భర్త కువైట్‌లో ఉంటాడు, కొన్ని ఇళ్ళల్లో భార్యే ఇంటిపనికి పోయి ఉంటుంది, బిడ్డను నానీయో దాదీయో సాకుతుంది. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు. అప్పు మనిషిని ఎక్కడికైనా తోలుతుంది. కానీ బిడ్డను సాకే చేతులు రోజుకొకటి మారకుండా చూడండి. ఆ నానీకి కూడా విశ్రాంతి ఇవ్వండి. భర్త ఫోన్ చేసినప్పుడు డబ్బు అందిందా అని అడిగే ముందు నువ్వెట్లున్నావు అని అడగాలి.

ఇంత పెద్ద జబ్బుకు మనలాంటి చిన్న సంఘం ఏం చేయగలదని మీరు అడగవచ్చు. దానికి జవాబు రావల్పిండి పల్లెల్లో ఉంది. పాకిస్తాన్‌లో లేడీ హెల్త్ వర్కర్లని ఉన్నారు, మన ఆశా కార్యకర్తల వంటివారు. పెద్ద చదువులు చదివినవారు కారు. డాక్టర్ అతీఫ్ రెహ్మాన్ గారు, వారి తోటివారు ఈ స్త్రీలకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, కుంగుబాటులో ఉన్న తల్లుల ఇళ్ళకు పంపారు. వాళ్ళు మందు ఇవ్వలేదు. కూర్చున్నారు, విన్నారు, దిగులు ఆలోచనను మంచి ఆలోచన వైపు మళ్ళించడం నేర్పారు, ఇంట్లోవాళ్ళను కూడా కలుపుకున్నారు. ఊరికే పరామర్శకు పోయిన చోట ఆరు నెలల తర్వాత కూడా నూటికి 53 మంది తల్లులు కుంగుబాటులోనే ఉన్నారు. ఈ పద్ధతిలో మాట్లాడిన చోట 23 మందే మిగిలారు. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అది వచ్చింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని పుస్తకంగా వేసి అన్ని దేశాలకూ అందించింది. మన ఇళ్ళల్లాంటి ఇళ్ళల్లో, మన భాషలాంటి భాషలో జరిగిన పని ఇది.

మన దీన్ కూడా ఇదే చూపిస్తుంది. సూరె ఖసస్‌లో మూసా అలైహిస్సలాం తల్లి కథ మీకు తెలుసు. బిడ్డను నదిలో విడిచిన ఆ తల్లి గుండె ఖాళీ అయిపోయిందని అల్లాహ్ స్వయంగా చెబుతాడు. ఆమెను విశ్వాసం లేనిదానివని నిందించలేదు. ఆమె గుండెను దిటవు చేశాడు. బిడ్డను తిరిగి ఆమె ఒడికే చేర్చాడు. ఎందుకు? ఆమె కళ్ళు చల్లబడాలని, ఆమె దుఃఖపడకూడదని. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం నమాజులో ఉండగా పసిబిడ్డ ఏడుపు వినబడితే, తల్లి మనసు కలత పడుతుందని నమాజును త్వరగా ముగించేవారు. తల్లి మనసు కోసం నమాజే కురచ చేసుకున్నప్పుడు, మనం మన మాటను కాస్త తగ్గించుకోలేమా? దువా చేయండి, తప్పక చేయండి. జబ్బు పంపినవాడే మందూ పంపాడన్న మాట కూడా నమ్మండి.

వైద్యం ఎక్కడ అంటారా? మన తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగముంది. వేలూరు వారి మానసిక వైద్య కేంద్రం 1957లో మొదలైంది. అక్కడ రోగితో పాటు ఇంటి మనిషి ఉండటమే పద్ధతి. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను విడదీయకుండా కలిపి చేర్చుకునే వార్డు ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం కూడా, మానసిక వైద్యానికి చేరిన తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. ఇల్లు కదలలేనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వం వారి టెలి మానస్, 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బు అక్కరలేదు, రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడతారు. ఏ తల్లి అయినా "నేను చచ్చిపోతే బాగుండు" అని అంటే, ఊరికే అన్నదిలే అని తోసేయకండి. ఆమె దగ్గర కూర్చోండి, ఒంటరిగా విడవకండి, అదే పూట సహాయం తెచ్చుకోండి.

ఇక సంఘానికి నా విజ్ఞప్తులు.

మొదటిది. ఆశా కార్యకర్త ప్రభుత్వ నియమం ప్రకారం కాన్పయిన ఇంటికి నలభై రెండో రోజు దాకా పలుమార్లు వస్తుంది. మన సంఘంలోని స్త్రీలు ఇద్దరిద్దరుగా ఆమెకు తోడు పోవాలి. పోయి ముందు తల్లిని మూడు మాటలు అడగాలి. నిద్ర పడుతున్నదా? మనసు ఎట్లా ఉంది? ఇంట్లో చేతిసాయం ఎవరున్నారు? ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకోవాలి.

రెండవది. ఆసుపత్రికి పోవలసిన తల్లికి, తోడు పోయే మనిషికి బస్సు ఛార్జీ, భోజనం ఖర్చు సంఘ నిధి నుంచి ఇవ్వాలి. ఎవరికి ఇచ్చామో పేరు చదవకూడదు. లెక్కలో మొత్తం మాత్రమే చూపాలి.

మూడవది. మన ఇళ్ళల్లో "మళ్ళీ ఆడబిడ్డా" అనే మాట వినబడకూడదు. ఆ మాట అన్నవారికి ఏమీ కాదు, విన్నవారికి పాలతో పాటు దిగుతుంది. ఈ సంగతిని జుమా బయాన్‌లో చెప్పవలసిందిగా మసీదు పెద్దలను కోరుతున్నాను.

నాలుగవది. ఆడపిల్లలకు పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేయకండి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పైగా పద్దెనిమిది లోపల పెళ్ళయినవారే. అదే సర్వేలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. తానింకా బిడ్డగానే ఉన్నది, ఒంట్లో రక్తం లేనిది, ఇంకొక బిడ్డకు ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది?

ఐదవది మగవాళ్ళకు, అంటే నాకు కూడా. రాత్రి బిడ్డ ఏడిస్తే లేవండి. ఎత్తుకొని వసారాలో నాలుగు సార్లు తిరగండి. మగతనం ఏమీ తరిగిపోదు. తిరిగి చూసినవాణ్ణి గనుక చెబుతున్నాను.

చివరగా ఒక్క మాట. మా చిన్నమ్మాయికి నాలుగో యేడు నిండిన రోజున నేను చిత్తూరు పోయి మిఠాయి తెచ్చి వీధంతా పంచాను. ఈద్ కాదు, పెళ్ళి కాదు, ఏమిటి విశేషం మాస్టారూ అని అందరూ అడిగారు. పాత బాకీ ఒకటి ఉండింది, తీరుస్తున్నాను అన్నాను. ఆ సంగతి వాళ్ళకు అర్థం కాలేదు. తలుపు దగ్గర నిలబడిన మనిషికి అర్థమైంది. నాలుగేళ్ళు ఆలస్యమైన బాకీకి వడ్డీ ఎంతవుతుందో ఆమె లెక్క కట్టలేదు. అది ఆమె పెద్దమనసు. మీలో ఎవరి ఇంట్లోనైనా ఇట్లాంటి బాకీ ఉంటే అంతకాలం ఆగవద్దని మనవి. ఈ సభ ముగిసి ఇంటికి పోగానే, బిడ్డను ఎత్తుకునే ముందు, బిడ్డ తల్లిని అడగండి. "నువ్వెట్లున్నావు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడండి.